బెయిట్‌కాస్టింగ్ రీల్‌కి ఏ దారం: బరంపురం పట్టుదారం కొట్టువాడి లెక్క

చేపలు పట్టడానికి బెయిట్‌కాస్టింగ్ రీల్ కొనేవాళ్లు ఎక్కువమంది ఉన్న డబ్బంతా రీల్‌కీ రాడ్‌కీ పోసేసి, చివర్లో గుర్తొచ్చినట్టు "గట్టి బ్రెయిడ్ ఏదైనా ఒకటి ఇవ్వండి" అంటారు. బ్రెయిడ్ అంటే సన్న పోగులతో అల్లిన దారం. షాపువాడు పెద్దక్షరాలతో 80 పౌండ్లు (తెగకుండా మోసే బరువు) అని రాసున్న డబ్బా తీసిస్తాడు. ఆదివారం పొద్దున్నే గోపాలపూర్ వెళ్లి నాలుగు క్యాస్టులు, అంటే నాలుగు విసుర్లు వేసేసరికి స్పూల్ (రీల్‌లో దారం చుట్టే ఉండ) మీద చిక్కు పడుతుంది, ఐదోదానికి ల్యూర్ (గాలాలు తగిలించిన ఉత్తుత్తి ఎర) తెగిపోతుంది, ఇక రీల్‌ని తిట్టడం మొదలు. చాలాసార్లు రీల్‌లో లోపమేమీ ఉండదు. దాని మీద చుట్టిన దారమే దానికి పడదు.

నేను బరంపురంలో పట్టుదారం అమ్ముతాను. ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా, పొద్దస్తమానం డెనియర్లు, పోగులు, పురి లెక్కలు. అందుకే చేపల లైన్ డబ్బా చేతికిస్తే నా చూపు ముందు మందం మీదికి పోతుంది. ఈ రీల్‌కి దారం ఎంచుకోవడంలో నేను చెప్పేది కూడా అదే. ముందు మందం చూడండి, తర్వాత ఆ దారం నీళ్లలో దేనికి రాసుకుంటుందో చూడండి, పౌండ్ల సంగతి ఆఖరున చూడొచ్చు. జనం సరిగ్గా దీన్ని తలకిందులు చేస్తారు.

స్పూల్ తిరిగే రీల్‌తో పేచీ

స్పిన్నింగ్ రీల్‌లో క్యాస్ట్ చేసేటప్పుడు స్పూల్ కదలదు. దారం చుట్లు చుట్లుగా దాని అంచు మీంచి జారిపోతుంది. బెయిట్‌కాస్టర్‌లో స్పూలే గిర్రున తిరిగి దారం వదులుతుంది. ల్యూర్ గాల్లో నెమ్మదించాక కూడా స్పూల్ అదే వేగంతో తిరుగుతుంటే, వదిలిన దారం ముందుకు పోలేక అక్కడే గుట్టపడుతుంది. బ్యాక్‌లాష్ అనేది ఇదే. దీన్ని బొటనవేలితోనూ బ్రేకులతోనూ అదుపు చేసుకోవాలి, మంచి దారం కొన్నంత మాత్రాన పోదు. కానీ సరిపడని దారం వేస్తే ఎంత చెయ్యి తిరిగినవాడికైనా వచ్చి తీరుతుంది.

దీనికంటే పెద్ద పేచీ ఇంకోటుంది, దాని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. గాలం ఎక్కడో రాతికి పట్టిందనుకోండి, గట్టిగా లాగుతారు. లేదా మూడు కిలోల పండుగప్ప ఒక్కసారి గుంజుతుంది. దారం మరీ సన్నంగా ఉంటే ఆ బలానికి పై చుట్టు కింది చుట్ల మధ్యలోకి కోసుకుని దిగిపోతుంది. అప్పటికి మీకేమీ తెలీదు, చేప కూడా ఒడ్డుకి వచ్చేస్తుంది. తర్వాతి క్యాస్ట్‌లో దారం జోరుగా వెళ్తూ వెళ్తూ ఆ దిగబడిన చోటికి వచ్చి ఠక్కున ఆగిపోతుంది. స్పూల్ ఆగింది, ల్యూర్ ఆగలేదు. ఠప్పున ఒక చప్పుడు, ల్యూర్ తన దారిన తాను నీళ్లలోకి. డబ్బా మీద ఎన్ని పౌండ్లు రాసున్నా ఆ కుదుపుకి సన్న బ్రెయిడ్ నిలవదు.

కాబట్టి మామూలు బెయిట్‌కాస్టర్ మీద 0.23 మిల్లీమీటర్ల కంటే సన్నటి బ్రెయిడ్ వద్దు. బ్రెయిడ్ మందం చెప్పడానికి డబ్బా మీద వేసే పీఈ నంబర్లలో చెప్పాలంటే 2 కంటే కిందికి దిగొద్దు. మోనో, అంటే ఒంటిపోగు నైలాన్ అయితే 0.28 నుంచి 0.35 మధ్య ఉండాలి. నాలుగైదు గ్రాముల చిన్న ల్యూర్ల కోసం లోతు తక్కువ స్పూల్‌తో వచ్చే రీళ్లు వేరే ఉన్నాయి, వాటికి సన్న దారమే వెయ్యాలి. వాటిని ఈ లెక్కలో కలపకండి.

అలాగని మరీ లావుకి పోయినా కష్టమే. లావు దారం స్పూల్ మీద తక్కువ పడుతుంది, గైడ్లలో, అంటే రాడ్ మీది కన్నుల్లో రాసుకుంటుంది, పది గ్రాముల ల్యూర్ దాన్ని లాక్కుని దూరం వెళ్లలేదు. మీ రాడ్ పిడి పైన ల్యూర్ బరువూ లైన్ పౌండ్లూ రాసి ఉంటాయి. ఆ లైన్ అంకె సాధారణంగా నైలాన్‌ని దృష్టిలో పెట్టుకుని వేసింది కాబట్టి బ్రెయిడ్ దానికి రెట్టింపు పౌండ్లున్నా మందం సరిపోతే పరవాలేదు. అయితే రాతికి పట్టినప్పుడు రాడ్ వంచి లాగొద్దు, రాడే విరుగుతుంది. రాడ్‌ని దారం వైపే తిన్నగా చూపించి, దారాన్ని ఏ కర్రముక్కకో నాలుగు చుట్లు చుట్టి లాగండి. చేతికి చుట్టుకుంటే బ్రెయిడ్ చర్మం కోస్తుంది.

డబ్బా మీద అంకెలు, త్రాసు మీద అంకెలు

9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. పట్టు వ్యాపారంలో పుట్టిన కొలత ఇది. బ్రెయిడ్ డబ్బాల మీద కనిపించే పీఈ నంబర్ వెనక ఉన్నదీ ఇదే. జపాన్ తయారీదారుల ప్రమాణంలో పీఈ 1 అంటే 200 డెనియర్లు. పీఈ 2 అంటే 400, పీఈ 3 అంటే 600. మందం వరసగా సుమారు 0.165, 0.235, 0.285 మిల్లీమీటర్లు. నంబర్ రెట్టింపైతే బరువు రెట్టింపవుతుంది గానీ మందం ఒకటిన్నర రెట్లు కూడా కాదు. ఇది గుర్తుంటే స్పూల్ లెక్క సులువు.

ఇప్పుడు బలం. బ్రెయిడ్‌ని అల్లేది అతి బలమైన పాలిథిలిన్ పీచుతో. డైనీమా, స్పెక్ట్రా అని పేర్లు వినే ఉంటారు. మంచి పట్టు డెనియర్‌కి నాలుగైదు గ్రాములు మోస్తే ఈ పీచు 30 నుంచి 40 గ్రాముల దాకా మోస్తుంది. మధ్యస్థంగా 35 అనుకుందాం. పీఈ 1కి 200 డెనియర్లు, ఒక్కోదానికి 35 గ్రాములు, మొత్తం 7 కిలోలు. అంటే సుమారు 15 పౌండ్లు. పీఈ నంబర్‌ని ఏడుతో గుణిస్తే కిలోలు వచ్చేస్తాయి. పీఈ 2కి 14 కిలోలు, పీఈ 3కి 21 కిలోలు. ఇంకాస్త పైకి రాసినా, మంచి పీచు వాడాడేమో అనుకోవచ్చు.

కానీ పీఈ 1, 40 పౌండ్లు అని రాసున్న డబ్బాలు మార్కెట్లో బోలెడు. 40 పౌండ్లంటే 18 కిలోలు. 200 డెనియర్లతో భాగిస్తే డెనియర్‌కి 90 గ్రాములు. అలాంటి పీచు ఏ చేపల దారంలోనూ లేదు. ఆ రెండు అంకెల్లో ఒకటి అబద్ధం. ఎక్కువగా మందం అంకే అబద్ధం అవుతుంది. సన్నం అని రాసి లావు దారం చుడతారు, దాంతో చెప్పిన బలం వస్తుంది, కొన్నవాడు "అబ్బ, గట్టి దారం" అని మురిసిపోతాడు. క్యాస్ట్ ఎందుకు దూరం పోవట్లేదో మాత్రం తేలదు.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. తొమ్మిది మీటర్ల దారం కొలిచి తూచండి. వచ్చిన గ్రాముల్ని వెయ్యితో గుణిస్తే డెనియర్. పీఈ 2 అయితే 0.4 గ్రాములు రావాలి. పైన పూత ఉంటుంది కాబట్టి 0.45 దాకా నేను ఒప్పుకుంటాను. మా కొట్లో సన్న త్రాసు ఉంది. పీఈ 2 అని రాసున్న ఒక డబ్బాలోంచి తీసి వేస్తే 0.68 తూగింది. అంటే అసలు సరుకు పీఈ 3.4. పారేయాల్సిన దారమేం కాదు, పండుగప్పకి బాగానే ఉంటుంది. కాకపోతే 2 అనుకుని స్పూల్ లెక్క వేసుకుంటే సగంలోనే నిండిపోయి మీరు కంగారు పడతారు. సన్న త్రాసు లేనివాళ్లకి వీధి చివర బంగారం కొట్టు ఉంటుంది. టీ తాగించి అడిగితే తూచి పెడతారు.

ఇక పోగులు. నాలుగు పోగుల బ్రెయిడ్, ఎనిమిది పోగుల బ్రెయిడ్ అని రెండు రకాలు ఎక్కువగా దొరుకుతాయి. ఒకే డెనియర్‌లో ఎనిమిది పోగులంటే ఒక్కో పోగు సన్నం. అల్లిక గుండ్రంగా, నునుపుగా వస్తుంది, గైడ్లలో చప్పుడు చెయ్యదు, క్యాస్ట్ దూరం పోతుంది. నాలుగు పోగులది గరుకు, జుయ్యిమని మోగుతుంది, అయితే ఒక్కో పోగు లావు కాబట్టి రాపిడికి ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది. ఎనిమిదికి రెట్టింపు ధర పెట్టడం మన గుల్లల నీళ్లలో దండగ అని నా అభిప్రాయం. నునుపు ముచ్చట కొన్నాళ్లే, తర్వాత రెండూ నూగు లేస్తాయి.

పోగుల లెక్క కంటే అల్లిక బిగువు ముఖ్యం. షాపులో కొస ఒక అంగుళం పట్టుకుని రెండు వేళ్లతో ఎదురెదురుగా లోపలికి నెట్టండి. పోగులు విచ్చుకుని మధ్యలో సందులు కనిపిస్తే అది వదులు అల్లిక. అలాంటిది బరువు పడగానే రిబ్బన్‌లా చదునవుతుంది, చదునైన దారం స్పూల్ మీద మరింత త్వరగా దిగబడుతుంది. గోరుతో నొక్కినా గుండ్రంగానే ఉండేది తీసుకోండి.

నైలాన్, ఫ్లోరో, బ్రెయిడ్

బెయిట్‌కాస్టింగ్ రీళ్లు మొదలైన రోజుల్లో వాటి మీద చుట్టింది అల్లిన పట్టుదారమే. వాడిన ప్రతిసారీ విప్పి ఆరబెట్టకపోతే కుళ్లిపోయేది. డ్యూపాంట్ కంపెనీ 1938లో నైలాన్‌ని లోకానికి చూపించి, మరుసటి ఏడాది దాంతో చేపల దారం అమ్మకానికి పెట్టింది. క్రమంగా పట్టు తప్పుకుంది. మా వ్యాపారం చీరలకే మిగిలినందుకు నాకేం బాధ లేదు లెండి.

కొత్తగా బెయిట్‌కాస్టర్ పట్టినవాళ్లు నైలాన్ మోనోతోనే మొదలెట్టాలి. 0.30 లేదా 0.32 మందం, 12 నుంచి 14 పౌండ్లు చాలు. మొదట్లో చిక్కులు ఎలాగూ పడతాయి. మోనో చిక్కు పెద్ద పెద్ద ఉచ్చులుగా పడుతుంది, వేలితో విప్పొచ్చు, విప్పలేకపోతే కోసి పారేసినా పోయేది తక్కువ. బ్రెయిడ్ చిక్కు విప్పడానికి సూది కావాలి, ఓపిక కావాలి, చివరికి కత్తెర కావాలి. నైలాన్ సాగుతుంది, తెగేలోపు ఐదో వంతు దాకా సాగే రకాలున్నాయి. చేప తల విదిల్చినప్పుడు ఆ సాగుడే గాలం ఊడిపోకుండా కాస్తుంది. దాని లోపాలూ అక్కడే ఉన్నాయి. దూరంలో చేప ముట్టినా చేతికి తెలియదు, నీళ్లు పీల్చి బలం కొంత తగ్గుతుంది, ఎండకి పాడవుతుంది. కారు వెనక అద్దం దగ్గర రీల్ పెట్టి వేసవంతా తిరిగితే ఆ మోనోని నమ్మకండి.

ఫ్లోరోకార్బన్ ఇంకో రకం ఒంటిపోగు దారం. దీన్ని జపాన్‌లో కురేహా కంపెనీ 1971లో లీడర్‌గా, అంటే అసలు దారానికీ ల్యూర్‌కీ మధ్య కట్టే ముక్కగా తెచ్చింది. నైలాన్ కంటే బరువైనది, నీళ్లలో మునుగుతుంది, నీళ్లు పీల్చదు, రాపిడికి బాగా ఓర్చుకుంటుంది. కాంతి వంగే గుణకం నీటికి 1.33 అయితే దీనికి 1.42, నైలాన్‌కి 1.5 పైన. అందుకని నీళ్లలో తక్కువ కనిపిస్తుందంటారు, నిజమే. అయితే వానాకాలం ఋషికుల్య నది ఎర్రనీళ్లలో ఏ దారమైతే మాత్రం ఏం కనిపిస్తుంది? రీల్ నిండా ఫ్లోరో చుట్టడం మన దగ్గర అనవసరం. బిరుసుగా ఉంటుంది, స్పూల్ మీంచి స్ప్రింగులా లేస్తుంది, ధర ఎక్కువ, పాపర్ లాంటి నీటిపై ల్యూర్ ముక్కుని కిందికి లాగేస్తుంది. లీడర్‌కి వాడుకోండి, అంతవరకే.

బ్రెయిడ్ నీళ్ల మీద తేలుతుంది, సాగడం దాదాపు లేదు, చేప మూతి తగిలినా వేలికి తెలుస్తుంది. దాని బలహీనత రెండు చోట్ల. గుల్ల అంచుకి, రాయికి నిమిషంలో తెగుతుంది. వేడికి కూడా తట్టుకోదు, 145 డిగ్రీలకి అటూఇటూగా కరిగే పీచు అది. పొడిగా ముడి బిగించి సర్రున లాగితే ఆ రాపిడి వేడికే ముడి దగ్గర దెబ్బతింటుంది. ఉమ్మితో తడిపి మెల్లగా బిగించండి.

ఏ నీళ్లకి ఏది

మన వైపు బెయిట్‌కాస్టర్‌కి అసలైన పని పండుగప్పే. బరంపురం బజార్లో భెక్టి అని అడిగితే ఇస్తారు. ఋషికుల్య, బాహుదా నదులు సముద్రంలో కలిసే మొగల దగ్గర ఆటుపోట్లు మారే వేళ దొరుకుతుంది. దీని నోరు గరుకుకాగితంలా ఉంటుంది, మొప్ప రేకు అంచు చేతికి తగిలినా తెగుతుంది. గాలం పడగానే గాల్లోకి ఎగిరి తల విదిలిస్తుంది, తర్వాత తిన్నగా గుల్లలు పట్టిన స్తంభమో, మునిగిన దుంగో వెతుక్కుని దాని చుట్టూ తిరుగుతుంది. బ్రెయిడ్‌ని నేరుగా ల్యూర్‌కి కట్టి వెళ్తే చేపని నీళ్లలోనే వదిలేసి రావాలి.

దీనికి నా అమరిక పీఈ 3, నాలుగు పోగులు. దాని ముందు 40 పౌండ్ల లీడర్, మందం 0.55కి అటూఇటూ. ఫ్లోరో ఉంటే మంచిదే, లేకపోతే 50 పౌండ్ల మామూలు నైలాన్ కూడా సరిపోతుంది. డ్రాగ్, అంటే చేప గుంజినప్పుడు రీల్ దారం వదిలే బిగువు, నాలుగు కిలోలకి మించి బిగించొద్దు, బలహీనమైన దారం బలంలో నాలుగో వంతు దగ్గర ఆపాలి. అందాజుగా చేత్తో లాగి చూడటం కంటే కూరగాయల స్ప్రింగ్ త్రాసు కొక్కేనికి కట్టి లాగి చూస్తే ఖచ్చితంగా తెలుస్తుంది.

లీడర్ పొడవు దగ్గర బెయిట్‌కాస్టర్‌కో ఇబ్బంది ఉంది. దారాన్ని అటూ ఇటూ సర్దే లెవెల్‌వైండ్ కన్ను చిన్నది. బ్రెయిడ్‌నీ లీడర్‌నీ కలిపే ముడి లావైతే క్యాస్ట్ చేసినప్పుడల్లా అందులో తగిలి టక్‌మంటుంది, ఒక్కోసారి అక్కడే పట్టేసి ల్యూర్ తెగుతుంది. ఎఫ్‌జీ ముడి సన్నగా వస్తుంది, అది వచ్చినవాళ్లు బారెడు లీడర్ పెట్టుకోవచ్చు. రానివాళ్లు డబుల్ యూనీ ముడి వేసి, లీడర్‌ని మూరెడున్నర దగ్గర ఆపి, క్యాస్ట్ చేసేముందు ల్యూర్‌ని బాగా కిందికి వేలాడదీసి ముడి రాడ్ కొసకి బయటే ఉండేలా చూసుకోండి. ల్యూర్ దగ్గర పాలోమార్ ముడి. దారం రెండు మడతలు చేసి కన్నులోంచి దూర్చి, మామూలు ముడి వేసి, ఉచ్చులోంచి ల్యూర్‌ని దాటించి, తడిపి బిగించాలి. నైలాన్‌కి అందరూ వేసే క్లించ్ ముడి బ్రెయిడ్ మీద జారుతుంది.

గోపాలపూర్ ఒడ్డున చేతిదారంతో పట్టే ఒక పెద్దాయన నా తెగిన లీడర్ చేతిలోకి తీసుకుని, "ఇది తెగినది కాదు బాబూ, అరిగినది. కొస సూడు" అన్నాడు. అప్పట్నుంచి కొస చూడకుండా కొత్తది కట్టను. కొస తెల్లబారి గరుగ్గా ఉంటే రాపిడి, లీడర్ ఇంకాస్త లావు కావాలి. పంది తోకలా మెలికపడి ఉంటే ముడి జారింది, దారానిది తప్పు లేదు. కత్తెరతో కోసినట్టు నున్నగా ఉంటే పళ్లో గుల్లంచో పని చేసింది. పళ్లయితే, ముఖ్యంగా వంజరం తిరిగే చోట, ముందు జానెడు స్టీల్ వైరు తప్పదు. చేప పడినా పడకపోయినా అప్పుడప్పుడూ లీడర్‌ని బొటనవేలి గోరు మీంచి లాగి చూడండి. గోరుకి ఎక్కడైనా గరుకు తగిలితే అక్కడికి కోసేసి మళ్లీ కట్టండి.

ఋషికుల్య మొగ ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు. ఏటా నవంబర్ 1 నుంచి మే 31 దాకా అక్కడి సముద్రంలో ఇరవై కిలోమీటర్ల మేర చేపల వేటకి నిషేధం ఉంటుంది. ఆ నెలల్లో అటు వెళ్లే ఆలోచన పెట్టుకోవద్దు. మిగతా రోజుల్లో కూడా కోసిన నైలాన్ ముక్కలు ఇసకలో పారేయకుండా జేబులో వేసుకుని తెచ్చుకోండి. తాబేలు కాలికి చుట్టుకుంటే అది విప్పుకోలేదు.

చెరువుల్లో కొర్రమీనుకి లెక్క మారిపోతుంది. గుర్రపుడెక్క, తామరాకుల మీద రబ్బరు కప్పని నడిపిస్తాం. చేప పడగానే నాచులో తల దూర్చేస్తుంది, కాబట్టి బతిమాలుతూ కూర్చునే వ్యవధి లేదు. పీఈ 4, నాలుగు పోగులది వెయ్యండి. గరుకు బ్రెయిడ్ తూడు కాడల్ని కోసుకుంటూ వస్తుంది, ఎనిమిది పోగుల నునుపు అక్కడ పనికిరాదు. లీడర్ అక్కర్లేదు, ముడికి నాచు పట్టుకుంటుంది. నేరుగా పాలోమార్ వేసి డ్రాగ్ బిగించేయండి. వానలు మొదలయ్యాక ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద తేలుతూ కనిపిస్తే కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. వాటి జోలికి పోవద్దు.

బీచ్ మీంచి అలల అవతలికి విసరాలనుకునేవాళ్లకి ఈ చిన్న బెయిట్‌కాస్టర్ సరైన పనిముట్టు కాదు, పొడుగు రాడ్, పెద్ద స్పిన్నింగ్ రీల్ చూసుకోండి.

ఇచ్ఛాపురంలో ఉండే మా మేనల్లుడు ఫోన్ చేసి, "మావయ్యా, ఇన్ని కొనలేను, ఒక్కటి చెప్పు" అన్నాడు. వాడికి చెప్పింది మీకూ చెప్తాను. పీఈ 3 నాలుగు పోగుల బ్రెయిడ్ 150 మీటర్లు, లీడర్‌కి 50 పౌండ్ల నైలాన్ ఒక చిన్న కట్ట. "రంగేది తీసుకోను?" అన్నాడు. లీడర్ ఉన్నప్పుడు బ్రెయిడ్ రంగు చేపకి పట్టదు. నీ కంటికి కనిపించే పసుపో లేత ఆకుపచ్చో తీసుకోమన్నాను.

స్పూల్ నింపడం

రీల్ మీద 0.32-110 అని ఉంటే 0.32 మందం దారం 110 మీటర్లు పడుతుందని. వేరే మందానికి లెక్క కట్టాలంటే రెండు మందాల్నీ విడివిడిగా వర్గం చేసి, రీల్ మీద రాసున్నదాని వర్గాన్ని మీ దారం వర్గంతో భాగించి, వచ్చినదాన్ని 110తో గుణించండి. పీఈ 3, అంటే 0.285 అయితే 139 మీటర్లు. మా మేనల్లుడి 150 మీటర్ల కట్టలో కొంచెం మిగిలిపోతుంది. పీఈ 2 అయితే 204 మీటర్లు పడుతుంది. 150 మీటర్ల కట్ట వేస్తే నిండదు, కింద 0.32 మోనో 29 మీటర్లు చుట్టి దాని మీద బ్రెయిడ్ వెయ్యాలి.

ఆ కింది మోనో ఊరికే ఖాళీ నింపడానికే కాదు. నున్నటి లోహపు స్పూల్ మీద బ్రెయిడ్‌కి పట్టు దొరకదు, చేప లాగినప్పుడు చుట్టంతా కలిసి గుండ్రంగా జారుతుంది. డ్రాగ్ పోయిందని మీరనుకుంటారు. మోనో వెయ్యడానికి చోటు లేకపోతే స్పూల్ మీద ఒక చుట్టు టేప్ అంటించి దాని మీద కట్టండి.

దారం కొసని ముందు రాడ్ గైడ్‌లోంచి, లెవెల్‌వైండ్ కన్నులోంచి తీసి తర్వాత స్పూల్‌కి కట్టాలి. కొత్త కట్టలోంచి పెన్సిల్ దూర్చి ఇంట్లో ఎవరినైనా పట్టుకోమనండి. కట్ట తిరుగుతూ దారం వదలాలి, పక్క నుంచి జారితే పురి ఎక్కుతుంది. తడిబట్ట మడతలో దారాన్ని గట్టిగా నొక్కి పట్టి చుట్టండి. వదులుగా చుట్టిన బ్రెయిడ్ మొదటి పెద్ద చేపకే దిగబడుతుంది. మధ్యమధ్య ఆగి బొటనవేలి గోరుతో చుట్టు మీద నొక్కితే గుంట పడకూడదు. స్పూల్ అంచుకి రెండు మూడు మిల్లీమీటర్ల కింద ఆపేయండి. అంచుదాకా నింపితే చిక్కులు, మరీ తక్కువ నింపితే దూరం పోదు.

నీళ్ల దగ్గరికి వెళ్లేముందు మైదానంలో సాధన చేసేవాళ్లకి ఒక ఉపాయం. గాలాలు తీసేసిన ల్యూర్‌ని మీరు మామూలుగా విసిరేంత దూరం పరిచి, ఇంకో పది మీటర్లు దారం లాగి, స్పూల్ మీద మిగిలిన చుట్టు పైన ఒక టేప్ ముక్క అంటించండి. ఆపైన చుట్టుకుని సాధన చేస్తే ఎంత ఘోరమైన చిక్కు పడినా టేప్ కిందికి దిగదు. స్పూల్ పక్కన ఉండే టెన్షన్ నాబ్‌ని, ల్యూర్‌ని వదిలితే మెల్లగా కిందికి దిగి, నేల తాకగానే స్పూల్ ఆగేలా సర్దుకోండి. బ్రేకులు మొదట ఎక్కువ పెట్టి, చెయ్యి కుదిరే కొద్దీ తగ్గించుకోవాలి. ల్యూర్ బరువు మారిస్తే నాబ్ మళ్లీ సర్దాలి.

ఉప్పునీళ్లలో వాడాక స్పూల్ ఊడదీసి కుళాయి నీళ్ల ధార కింద కడగండి. బ్రెయిడ్ అల్లికలో ఉప్పు ఉండిపోయి స్పూల్ లోహాన్ని తినేస్తుంది. మోనోని సీజన్‌కొకసారి మార్చేయాలి. బ్రెయిడ్ అంత త్వరగా పోదు, రంగు వెలిసినంత మాత్రాన కంగారు పడకండి. ముందు ముప్పై నలభై మీటర్లే అరుగుతుంది, కింద ఉన్నదంతా కొత్తదే, అందుకని తిరగేసి చుట్టుకోవచ్చు. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. ఒక ఖాళీ స్పూల్‌కి ఎక్కించి అక్కణ్నుంచి రీల్‌కి చుడితే పాత కొసే మళ్లీ పైకి వస్తుంది. రెండు ఖాళీ స్పూళ్లు కావాలి. రీల్‌లోంచి మొదటిదానికి, దానిలోంచి రెండోదానికి, అక్కణ్నుంచి రీల్‌కి. మా కొట్లో రాట్నం ఉంది కాబట్టి నాకు కాసేపట్లో అయిపోతుంది. అవేవీ లేనివాళ్లు ఖాళీ మైదానంలో దారమంతా తిన్నగా పరిచి, కొత్తగా ఉన్న కొస దగ్గర ఒకరిని నిలబెట్టి, అరిగిన కొసని స్పూల్‌కి కట్టి చుట్టుకుంటూ వాళ్ల వైపు నడిస్తే సరిపోతుంది.